అక్క చెంప మీది నీడ

నిన్న నేను ఫోటోలో చనిపోయిన మనిషి చెంప గుంటను పూడ్చాను, ఈ రోజు పొద్దున ఆ ఫోటోను ఆమె కూతురి చేతిలో పెట్టాను. చేసింది తప్పని ఆ పిల్ల చెప్పేదాకా నాకు తెలియలేదు. నలభై ఏళ్లుగా మనుషుల ముఖాలు చూసుకుంటూ బతికినవాణ్ణి. ముఖంలో ఏది నీడో, ఏది మనిషో తేల్చుకోలేకపోయాను. ఈ సిగ్గు చిన్నవాళ్లతో చెప్పుకుంటే నవ్వుతారు. మీరు నా ఈడువాళ్లు కనుక మీతో చెప్పుకుంటున్నాను.

నారాయణపేటలో బస్టాండుకు పోయే దారిలో నాదొక చిన్న ఫోటో స్టూడియో. దాని వెనక గల్లీలో గుంటమగ్గం మీద చీరలు నేసే ఒక అక్క ఉండేది. మాకు చుట్టరికమేమీ లేదు. ఆమె నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. అలా ఆమె కూతురికి నేను మామనయ్యాను. అక్క పోయి ఈ రోజుకు పది రోజులు. రేపు దినాలు. మన దిక్కు దినాల నాడు ఫోటో లేకుండా జరగదు కదా. పీట మీద ఫోటో పెట్టి, దండ వేసి, పోయినామె ఇష్టంగా తిన్నవన్నీ విస్తరిలో వడ్డించి ముందర పెడతారు. వచ్చిన చుట్టాలంతా ఆ ముఖానికే దండం పెట్టి ఏడుస్తారు. మొన్న ఆ పిల్ల ఫోనులో ఉన్న ఒకే ఒక్క ఫోటో తెచ్చి, పెద్దగా చేసి చట్రం కట్టియ్యమని అడిగింది. ఏదో పెళ్లి పందిట్లో, పది మంది మధ్యలో, ట్యూబులైటు కింద కూర్చున్న అక్క. వెలుతురంతా పైనుంచి పడి కళ్ల కింద, చెంప కింద నల్లగా ఉంది.

ఇలాంటి ఫోటో వస్తే మా వృత్తిలో అందరూ చేసే పనే నేనూ చేశాను. తల వరకు తీసుకుని, కంప్యూటరులో సిద్ధంగా ఉండే పట్టుచీర కట్టిన ఒంటికి అతికించాను. వెనక నీలాకాశం పెట్టాను. ముఖం మీది నల్లదనమంతా తుడిచి, లోపలికి పోయిన ఎడమ చెంపను కుడి చెంపతో సమానంగా నింపాను. నిన్న సాయంత్రం మా ఇంటామెకు చూపిస్తే, టీవీలో వార్తలు చదివేటామె లెక్క ఉందని అంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

పొద్దున అక్క కూతురు వచ్చి చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మామా, గీమె ఎవరు?"

"మీ అమ్మనే బిడ్డా."

"మా అమ్మకు గీ చెంపల బొంద ఉంటది గద. అదేమాయె?"

"అది నీడ. ఫోన్ల సక్కగ రాలే. నేనే తీసేసిన."

"నీడ గాదు మామా. మా అమ్మ చెంప అది."

తర్వాత చీర మీద వేలు పెట్టి చూపించింది. "జన్మంత మనూరి చీర నేసిన మనిషికి ఎవరో కట్టిన చీర అంటిచ్చినవ్. రేపు మా చుట్టాలొస్తే ఎవరికి దండం పెట్టాల్నో సమజ్ గాదు." గొంతు పెంచలేదు. చట్రాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, "రేపు పొద్దుగాల పదింటికి కావాలె. మా అమ్మను పెట్టియ్యి, గంతే" అని వెళ్లిపోయింది.

ఆమెతో నీడ అని అన్నాను గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఆ చెంపకు బొంద ఉందని నాకు తెలుసు. దాన్ని ఎవరికీ చూపించవద్దని అక్క ఒకప్పుడు నన్ను అడిగిందనీ తెలుసు. కనుక నీడ అనుకుని పూడ్చానో, అక్క మాట ఇప్పుడైనా నిలబెడదామని పూడ్చానో, అలవాటు కొద్దీ చేయి దానంతటదే పోయి పూడ్చిందో, ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఇదంతా అర్థం కావాలంటే పదేళ్లు దాటిన సంగతి చెప్పాలి.

తెలంగాణ వచ్చిన కొత్త. మా ఊరు అప్పటికింకా జిల్లా కాలేదు, దేనికైనా పాలమూరు పోవలసిందే. చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఫోటోలు తీసుకోవడం మొదలైంది, స్టూడియోకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మీకు గుర్తుండే ఉంటుంది, అంతకు ముందు ఫోటో దిగడమంటే ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని రావడం, నీళ్లూ కొంగలూ గీసిన తెర ముందర ఊపిరి బిగబట్టి కూర్చోవడం, గోడకున్న అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా, ఎవరి చంటిదానికో పెట్టగా మిగిలిన కాటుక. అప్పుడు మాకు ఒకటే చదువు, ముఖం మీద నీడ పడనీయకూడదు. ఇటొక దీపం, అటొక దీపం, పైనొకటి. అయినా ఎక్కడో పడితే నెగటివు మీద సన్నని పెన్సిలుతో ఆ జాగా నింపేవాళ్లం. ఫోటో తెల్లగా వస్తే మంచి ఫోటో, నల్లగా వస్తే పాడైన ఫోటో. నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పిందీ అదే, గిరాకీలు అడిగిందీ అదే.

పని తగ్గిన ఆ రోజుల్లోనే పాలమూరులో ఒక మాస్టారు ఆదివారాలు ఫోటోగ్రఫీ తరగతులు చెబుతున్నాడని విని, యాభై దాటిన వయసులో, నాకన్నా సగం వయసు వాళ్ల మధ్య వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన మొదటి రోజే అన్న మాట నన్ను గడ్డపారతో తవ్వినట్టు తవ్వింది. నీడ దోషం కాదట. వెలుతురు మనిషిని చూపిస్తే, నీడ ఆ మనిషి బరువును చూపిస్తుందట. ముప్పై ఏళ్లు నేను తుడిచి పారేసిందంతా అసలు సరుకేనా అని ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇక పిచ్చి పట్టినట్టు తిరిగాను. కరెంటు స్తంభం నీడ, జొన్నచేనులో మంచె నీడ, మిట్ట మధ్యాహ్నం రాతిగుట్టల కింద ఒదిగి నిలబడ్డ మేకల నీడ, అన్నీ కెమెరాలో ఎత్తుకొచ్చేవాణ్ణి. మా ఇంటామె, "ఇన్నేండ్లు నీడలు తుడుసుకుంట బతికినవ్, ఇప్పుడు ఏరుకుంట తిరుగుతున్నవా" అనేది.

తరగతులు ముగిసేటప్పుడు తలా ఒక ఫోటో పెట్టి ప్రదర్శన చేద్దామని మాస్టారు అన్నాడు. నాకు వెనక గల్లీ అక్క గుర్తొచ్చింది. ఆమె మగ్గం ఉన్న అర్రకు ఒకటే కిటికీ, తూర్పు దిక్కు. పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా ఎండ వచ్చి మగ్గానికి పరిచిన దారాల మీద పడేది. దారాల కింద నేల మీద దారాలంత సన్నగానే నీడలు పరుచుకునేవి. అక్క గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, దారం చుట్టిన నాడె ఇటు నుంచి అటు విసిరినప్పుడల్లా ఆ నీడలన్నీ ఒక్కసారి వణికేవి. కిటికీ ఆమెకు ఎడమ పక్కన ఉండేది.

అడగ్గానే ఒప్పుకుంది. ఫోటో కొరకని పని ఆపనని, నేనే ఒక మూల నిలబడి తీసుకోవాలని షరతు పెట్టింది. ఇంకొకటి కూడా చెప్పింది. ఎడమ పక్క పండ్లు ఎప్పుడో పీకించుకుంది, అటు చెంప లోపలికి పోయి గుంట పడింది. "తమ్మీ, జర గా దిక్కు తియ్యకు. గా చెంప చూస్తే నాకే భయమైతది. గీ దిక్కు ఎన్నన్న తీసుకో" అంది కుడి చెంప చూపించి. నేను సరేనన్నాను. ఆ సరే ఎంత తేలికగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

వారం రోజులు పోయాను. కుడి పక్క నుంచి ఎన్ని తీసినా ఏమీ లేదు, ఉత్త చీకటి. వెలుతురంతా అటు, ఆ ఎడమ చెంప మీద ఉంది. ఎముక మీద పడి, జారి, బొందలోకి పోయేసరికి ఆరిపోతోంది. మాస్టారు చెప్పిన బరువు అక్కడ ఉంది. నా కాళ్లు నాకు తెలియకుండానే అటు జరిగాయి. తెలియకుండానే అని రాశాను గానీ, తెలియదా? కళ్లద్దాలకు దారం కట్టుకుని పోగుల మీదికి వంగిన అక్క నన్ను గమనించలేదు. గమనించదని నాకు తెలుసు. ఎడమ చెంప వెలుగులో, కుడి సగం పూర్తిగా నలుపులో కలిసిపోయిన ఫోటో అలా వచ్చింది.

ప్రదర్శనకు అక్కనూ, పదో తరగతి చదువుతున్న కూతురినీ నేనే బస్సులో పాలమూరు తీసుకుపోయాను. చీరలు నేసేవాళ్లు తాము నేసింది కట్టుకోవడం తక్కువ కదా, ఆ రోజు అక్క తన కోసం దాచుకున్న చీర కట్టింది, చిన్న గళ్లు, కుంకుమరంగు అంచు. హాలులోకి పోగానే ఎదురుగా నా ఫోటో, మనిషంత ఎత్తున. దాని కింద చిన్న చీటీ, మొదటి బహుమతి అని. అక్క దగ్గరగా పోయింది, దూరంగా వచ్చింది, మళ్లీ దగ్గరగా పోయింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. తర్వాత నా దిక్కు తిరిగి నలుపు మీద చేయి పెట్టి అడిగింది.

"తమ్మీ, గీ సగం ఏడ పెట్టినవ్?"

చుట్టూ జనం ఉన్నారు. మాస్టారు ఉన్నాడు. నేను నవ్వాను. "నీకు తెల్వదక్కా, గదే దీని గొప్పతనం" అన్నాను, అందరికీ వినబడేటట్టు. ఎవరో ఇద్దరు నాతో పాటు నవ్వారు. అక్క నలుపు మీది చేయి తీసేసింది. మంచి చెంపను చీకట్లో పెట్టి, దాచమన్న చెంపను నలుగురిలో పెట్టావేమని ఆమె తిట్టి ఉంటే నాకు ఇన్నేళ్లు ఈ సందిగ్ధం ఉండేది కాదు. తిరుగు బస్సులో ఆమె ఎడమ చెంప మీదుగా కొంగు కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. సాయంకాలపు ఎండ కూడా అటు నుంచే పడుతోంది. ఎండకు కప్పుకుందో, నేను చేసిన పనికి కప్పుకుందో ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు.

నెల రోజులకో ఎప్పుడో స్టూడియో ముందు నుంచి పోతూ ఆగి, "ఒక్కటి సక్కగ తియ్యి తమ్మీ, మొఖానికి మొఖం. నేను పోయినంక పీట మీద పెట్టేటట్టు" అంది. వేళాకోళంగానే అంది. "నీకిప్పుడేం తొందరక్కా, రేపు రా" అన్నాను. ఆ రేపు రాలేదు. ఊరు జిల్లా అయింది, ఆఫీసులు వచ్చాయి, దరఖాస్తుల ఫోటోలతో కొన్నాళ్లు తీరిక లేదు. తర్వాత కరోనా వచ్చింది. రెండేళ్లు ముఖాలే కనబడలేదు. బహుమతి వచ్చిన ఫోటో మాత్రం నా కుర్చీ వెనక గోడకు వేలాడుతూనే ఉంది. అక్క స్టూడియోకు వచ్చిన ప్రతిసారీ దాని ముందరే నిలబడి నాతో మాట్లాడేది, దాని దిక్కు మాత్రం చూసేది కాదు. లేక చూసేదేమో, నేను గమనించలేదేమో.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? బతికున్నప్పుడు అక్క ఆ బొందను దాచమంది, నేను చూపించాను. పోయాక నేను దాచాను, కూతురు అదే కావాలంటోంది. మాస్టారు మాట వింటే అక్కకు తప్పు చేసినవాణ్ణయ్యాను. పాత పెద్దాయన మాట వింటే కూతురికి తప్పు చేసినవాణ్ణయ్యాను. ఎవరి మాట ప్రకారం పోవాలో తోచక మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాను. చివరికి అటకెక్కి, ఆ వారం తీసిన ఫోటోలన్నీ ఉన్న పాత డబ్బా, అదే, కంప్యూటరుకు తగిలించే హార్డ్‌డిస్కు, దింపి దుమ్ము తుడిచాను. ఇన్నేళ్లకు తగిలిస్తే తెరుచుకుంటుందో లేదో అనుకున్నాను. తెరుచుకుంది.

నాలుగు వందలకు పైగా ఫోటోలు. ఎండ జరిగినకొద్దీ అక్క మారిపోతోంది. ఒకదాంట్లో ముసలామె, పక్కదాంట్లో పెండ్లి కావలసిన పిల్ల, ఇంకొకదాంట్లో ఎవరో నాకు పరిచయమే లేని మనిషి. ఒకే మనిషిని, ఒకే కిటికీ దగ్గర, ఒకే చేత్తో తీశాను. వీటిలో అక్క ఏదని ఎవరైనా అడిగితే నేను వేలు పెట్టి చూపించలేను. నాలుగో రోజువి చూస్తుండగా ఒక దగ్గర చేయి ఆగింది.

ఆ రోజు నేను వెలుతురు కోసం కిటికీ కింద కూర్చుని కెమెరా సర్దుకుంటూ లేచి, పైన వేలాడే కర్రకు తల కొట్టుకున్నాను. ఆ చప్పుడుకు అక్క నాడె పట్టుకునే నా దిక్కు తిరిగింది. కిటికీ దిక్కు తిరిగింది. పొరపాటున నా వేలు నొక్కుకుని ఉంటుంది. ముఖానికి ముఖం, నిండు వెలుతురులో అక్క. రెండు కళ్లు, రెండు చెంపలు. బొంద ఉంది, ఎక్కడికీ పోలేదు. ఎదురు వెలుతురుకు దాని నలుపు మాత్రం కరిగిపోయి, నవ్వడానికి ముందు పడే సొట్ట లెక్క ఉంది. ఒంటి మీద తాను నేసిందే, అంచు దగ్గర పోగు తప్పి అమ్మకానికి పనికిరాకపోతే ఇంట్లో కట్టుకునే చీర. నీడ లేదు కనుక పనికిరాదని అప్పట్లో నేను దాని పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకున్నాను. ఆమె అడిగిన ఫోటో ఆమె అడగకముందే తీశాను. పదేళ్లకు పైగా అది నా అటక మీదే ఉంది.

ఏమీ తుడవకుండా, ఏమీ నింపకుండా అచ్చు తీశాను. సాయంత్రం దీపాలు పెట్టకముందే చట్రం కట్టాను. గోడ మీది పాత ఫోటో కూడా దించి, రెండూ చంకన పెట్టుకుని వెనక గల్లీకి పోయాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇప్పుడు దినాలకు పోయి భోజనం చేసి వచ్చి మిగతాది రాస్తున్నాను.

నిన్న అక్క కూతురు గడపలోనే నిలబడి కొత్త ఫోటో చూసింది. చూసి, "ఇగో, గిప్పుడు నవ్వుతది. అమ్మ నవ్వేముందు గిట్లనే చెంప లోపలికి గుంజుకునేది" అంది. పాత ఫోటో కూడా ఆమె ముందర పెట్టి, ఎడమ చెంప తీయవద్దని వాళ్లమ్మ నన్ను అడగడం, నేను సరేనని చెప్పి కూడా తీయడం, నలుగురిలో నవ్వడం, మొఖానికి మొఖం ఒక్కటి తియ్యమంటే రేపు రమ్మనడం, అన్నీ చెప్పాను. అక్కకు ఇది నచ్చలేదు, నువ్వు దీన్ని ఏం చేసినా సరే, చింపి పొయ్యిలో పెట్టినా సరే అన్నాను.

ఆమె పాత ఫోటోను చేతిలోకి తీసుకుని నలుపు మీద వేలు పెట్టింది.

"నచ్చిందో లేదో నాకు ఎర్కలేదు మామా. పాలమూరు నుంచి వచ్చినంక అద్దం ముందట నిలవడి, గీ సగానికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసుకునేది. చానా సార్లు చూసిన."

"నవ్వేదా?"

"గుర్తులేదు. అప్పుడు నాకు పరీక్షల ఫికర్ పట్టుకున్నది." తర్వాత నా ముఖం చూసి ఏమనుకుందో, "నువ్వు గట్ల నవ్వొద్దుండె మామా గా దినం. అమ్మకు గది మాత్రం బాధయ్యింది. ఇంటికొచ్చి చెప్పింది" అంది. పాత ఫోటోను నాకే తిరిగి ఇచ్చేసింది. "అమ్మదే గద, పొయ్యిల ఎట్ల పెడ్త. నువ్వే ఉంచుకో. గని ఒక్కదాన్నే పెట్టకు."

ఈ రోజు పీట మీద అక్క ముఖానికి ముఖంగా కూర్చుంది. వచ్చిన చుట్టాలు ఎవరనీ అడగలేదు. చూడగానే ఏడ్చారు. ఒక ముసలామె అయితే ముందర కూర్చుని, "ఏందే, నోట్ల ఏం పెట్టుకున్నవ్, మాట్లాడవ్" అని ఫోటోలోని చెంప మీద వేలితో తట్టింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను గానీ, ఈ ఫోటోకు అక్క ఒప్పుకునేదా అన్న అనుమానం అప్పుడు కూడా నన్ను వదలలేదు. బొంద కనబడుతూనే ఉంది కదా.

ఒకప్పుడు బతుకు మొత్తంలో ఒకటో రెండో ఫోటోలు దిగేవాళ్లం, అందులో నీడ లేకుండా చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కొక్కరి ఫోనులో వేల ఫోటోలు ఉన్నాయి, ఆ ఫోను మనం అడగకపోయినా ముడతలూ నీడలూ తానే తుడిచేస్తోంది. పీట మీద పెట్టే రోజు వచ్చేసరికి ఒక్కటీ దొరకడం లేదు. నేను నేర్చుకున్న రెండు చదువుల్లో ఏది నిజమో నాకింకా తెలియదు. ఒకటి మాత్రం చేస్తున్నాను. ఇక మీద దినాల ఫోటో కోసం ఎవరొచ్చినా, ముఖంలో ఏముండాలో, ఏది ఉండకూడదో ముందు వాళ్లను అడిగి, కాగితం మీద రాసుకుని, అప్పుడే కంప్యూటరు ముందు కూర్చుంటాను.

భోజనం నుంచి వచ్చాక అక్క నిండు ముఖాన్ని ఇంకొకటి అచ్చు తీశాను. నా కుర్చీ వెనక గోడకు పాత మేకు పక్కన కొత్త మేకు కొట్టి, రెండింటినీ పక్కపక్కన తగిలించాను. నలుపులో కలిసిపోయిన ఆ సగం పక్కనే నిండు ముఖం వచ్చేటట్టు చూసుకున్నాను. స్టూడియోలో ఎవరూ లేరు. గీ సగం ఏడ పెట్టినవని ఆమె ఆనాడు అడిగినప్పుడు నవ్విన నోటితోనే, ఈడ పెట్టిన అక్కా అని చెప్పాను.